బరువు ముచ్చట నెల తప్పకముందే జరగాలి

కడుపుతో ఉన్నామె ఇద్దరి తిండి తినాలె అన్న మాట పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. కరువుకు, వలసకు అలవాటుపడ్డ నేల ఇది. తల్లి కడుపు మాడితే బిడ్డకు ఏమీ అందదన్న భయంతో పెద్దలు ఆ మాట అన్నారు. అందులో తప్పు లేదు. కానీ తిండి మారింది. జొన్నరొట్టె, పప్పు తగ్గి మూడు పూటలా తెల్లన్నమే కంచంలోకి వస్తున్న ఇళ్లు ఎన్నో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 30.1 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒంటినిండా కండ కనిపిస్తున్నా ఒంట్లో రక్తం లేని తల్లులు మన మధ్యే ఉన్నారు.

బరువు పెరిగితే చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అండం విడుదల గాడి తప్పుతుంది, నెలసరి తప్పుతుంది. పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉంటే ఈ చిక్కు మరింత ముదురుతుంది. పెళ్లయి ఏడాది తిరగకముందే "విశేషం ఏమన్నా ఉందా" అని చుట్టాలు మొదలుపెడతారు. ఆ టెన్షన్ అంతా కోడలిదే. భర్త బరువు, అతని పరీక్షల ఊసు ఎవరూ ఎత్తరు. లావున్న మహిళ బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలాసార్లు నెలసరి దారికొస్తుంది. 80 కిలోలున్న మనిషికి అది నాలుగు నుంచి ఎనిమిది కిలోలు. వేలకు వేలు పోసి సంతాన కేంద్రాల చుట్టూ తిరిగేముందు ఈ మాట చెప్పేవాళ్లు కావాలి.

గర్భం వచ్చాక బీపీ, షుగర్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, పెద్దాపరేషన్ అయితే కుట్లు చీము పట్టడం, వీటన్నిటి ముప్పూ లావున్నవారికి ఎక్కువ. స్కానింగ్‌లో బిడ్డ అవయవాలు అంత స్పష్టంగా కనిపించకపోవచ్చు. మత్తు ఇవ్వడం కష్టమవుతుంది. లావు చేతికి చిన్న పట్టీ చుట్టి బీపీ చూస్తే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. పెద్ద పట్టీ ఖరీదైన వస్తువేమీ కాదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది ఉండాలి.

గర్భిణి కార్డులో బరువు రాస్తారు. ఎత్తు కూడా కొలిచి, రెండూ కలిపి లెక్కగట్టి, ఎంత పెరగవచ్చో ఆమెకు చెప్పేవాళ్లు అరుదు. మామూలు బరువున్నవారు నెలలు నిండేసరికి 11.5 నుంచి 16 కిలోలు పెరగవచ్చు, బాగా లావున్నవారికి 5 నుంచి 9 కిలోలు చాలు. గర్భంలో బరువు తగ్గాలని పస్తులుండటం మాత్రం ప్రమాదం. అందుకే ఈ ముచ్చట ముందే జరగాలంటున్నాం. పెళ్లయిన కొత్తలోనే ఆశా, ఏఎన్ఎంలు ఆ ఇంటి గడప తొక్కాలి. "ఇంత లావైతే ఎట్లనమ్మా" అని నలుగురి ముందు గద్దిస్తే మాత్రం ఆమె మళ్లీ ఆస్పత్రి మెట్లెక్కదు.

75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చేసే షుగర్ పరీక్షను గర్భిణి మొదటిసారి ఆస్పత్రికి వచ్చినప్పుడు, మళ్లీ 24-28 వారాల మధ్య చేయాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. నల్లమల అంచు తండాల్లోనూ అది ఒక్కరికీ తప్పకూడదు. గర్భంలో షుగర్ వచ్చిన తల్లిని కాన్పుతో వదిలేయడం కూడా ఆగాలి. ఆరు వారాలకు బిడ్డకు టీకా వేయించడానికి ఆమె ఎలాగూ వస్తుంది. ఆ రోజే తల్లికీ షుగర్ పరీక్ష చేసి, బరువు చూసి పంపాలి.