సవరణ: పుట్‌ఎన్వ్‌కి లోకల్ అరే ఇవ్వకండి

సొలారిస్ 9 లాంటి పాత యూనిక్స్‌లలో సెట్‌ఎన్వ్ (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు, అంటే ప్రోగ్రామ్‌కి అందే "పేరు=విలువ" జాబితాలోని ఒక పేరుకు, విలువ ఇచ్చే సీ ఫంక్షన్) లేదు. దానికి బదులుగా వాడమని ఇంతకుముందు నేనొక ఫంక్షన్ ఇచ్చాను. అందులో, "పేరు=విలువ" స్ట్రింగ్‌ను లోకల్ అరేలో కూర్చి, అదే పని చేసే పాత ఫంక్షన్ పుట్‌ఎన్వ్‌కి పంపితే అది కాపీ చేసుకుంటుందని రాశాను. అది తప్పు.

యూనిక్స్‌లకు ఉమ్మడి ప్రమాణమైన పోజిక్స్ చెప్పేది వేరు: పుట్‌ఎన్వ్ కాపీ చేయదు, మీరిచ్చిన పాయింటర్‌నే ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టుకుంటుంది. ఫంక్షన్ ముగిశాక స్టాక్‌లో ఆ చోటు మరో పనికి పోతుంది. వెంటనే, విలువను చదివే గెట్‌ఎన్వ్‌తో చూస్తే విలువ సరిగ్గానే కనిపించవచ్చు. కాసేపటికి ఎగ్జెక్‌తో నడిపిన మరో ప్రోగ్రామ్‌కి మాత్రం చెత్త అందవచ్చు. 4.4బీఎస్‌డీ అనే యూనిక్స్, జీలిబ్‌సీ (లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ) 2.0 నుంచి 2.1.1 వరకు వెర్షన్లు కాపీ చేసేవి కాబట్టి అక్కడ పరీక్షిస్తే ఈ లోపం బయటపడదు.

సరైన పద్ధతి: పేరు పొడవు, విలువ పొడవు కలిపి, ఇంకో 2 బైట్లు చేర్చి, అంత మెమరీని మాలక్‌తో కేటాయించుకోండి. ఒకటి '=' గుర్తుకు, ఒకటి చివరి సున్నాకు. పుట్‌ఎన్వ్ సున్నా కానిది తిరిగిస్తేనే వెంటనే ఫ్రీ చేయాలి. విజయవంతమైతే ఆ మెమరీని ముట్టుకోకూడదు. అదే పేరును పదేపదే మార్చే ప్రోగ్రామ్ అయితే పాత పాయింటర్‌ను దాచుకుని, కొత్తది కుదిరాకే పాతదాన్ని ఫ్రీ చేయండి. అప్పటికి గెట్‌ఎన్వ్ ఇచ్చిన పాత విలువను ఎవరూ వాడుతూ ఉండకూడదు.

వేరియబుల్ తీసేయడం గురించి కూడా ఒక మాట. పుట్‌ఎన్వ్‌కి '=' లేకుండా పేరు మాత్రమే పంపితే జీలిబ్‌సీలో పోతుంది, "పేరు=" పంపితే విండోస్‌లో పోతుంది. రెండింటిలో ఏదీ అన్నిచోట్లా పనిచేయదు. వేరియబుల్‌ను తీసేసే అన్‌సెట్‌ఎన్వ్ లేని యూనిక్స్‌లో, ఈ స్ట్రింగ్‌ల పాయింటర్లు ఉండే ఎన్విరాన్ పట్టికలో ఆ పేరు వెతికి, దాని తర్వాతి పాయింటర్లను, చివరి నల్‌తో సహా, పట్టిక మొదలు వైపుకు ఒక్కో స్థానం జరపండి.