ఐదేళ్లు కాపురమున్న ఇంటి ఫొటో

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. మూఢం వచ్చిందంటే మరిన్ని రోజులు ఖాళీ. పెళ్లి ఫొటోల మీద బతికే కుర్రాళ్లకు ఆ రోజుల్లో ఇప్పుడు దొరుకుతున్న పని ఇళ్ల ఫొటోలు. కోకాపేటలోనో మధురవాడలోనో కొత్త ఫ్లాట్‌లో ఇంటీరియర్ పని పూర్తవగానే, ఇంటివాళ్లు సామాన్లు దించకముందే, ఒక కుర్రాడు ట్రైపాడ్ భుజాన వేసుకుని వస్తాడు. 16 మిల్లీమీటర్ల వైడ్ లెన్స్ బిగించి గుమ్మం మూలన నిలబడితే పది బై పదకొండు గది కూడా హాలంత కనిపిస్తుంది. అలా కొన్ని పదుల ఇళ్లు తీశాక అతనికి ఒక ఆలోచన మొదలవుతుంది: ఈ గది నా చేతికిస్తే ఇలా చేసేవాణ్ని కాదు.

ఆ ఆలోచనను నేను తేలిగ్గా తీసుకోను. మన ఊళ్లలో గదిని ఉద్దేశపూర్వకంగా తీర్చిదిద్దిన తొలి మనుషుల్లో ఫొటో స్టూడియో యజమాని ఒకడు. మా చిన్నప్పటి స్టూడియో గుర్తుంది. ముందు గదిలో అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. లోపల మెట్లూ కొలనూ గీసిన తెర, చేతుల కుర్చీ, పూలకుండీ. ఇరుకు గదిలో తాత నుంచి చంటిపిల్ల వరకు అందరూ పట్టాలి, ఎవరి నీడా ఎవరి మొహం మీదా పడకూడదు. ఆయన ఆ లెక్క ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. ఇంకా వెనక్కి వెళ్తే రాజా దీన్ దయాళ్ కనిపిస్తాడు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి కెమెరా పట్టి, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయినవాడు. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం విడిగా ఒక జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణ ఒక మహిళకే అప్పగించాడు. ఎవరు వస్తారు, ఎవరి కంట పడకూడదు, ఎక్కడ నిశ్చింతగా కూర్చుంటారు? ఇవి కెమెరాకు ముందే తేల్చుకోవాల్సిన విషయాలు. ఇంటీరియర్ డిజైన్‌లో అసలు ప్రశ్నలు కూడా ఇవే.

ఇక వెలుగు సంగతి. మన ఇళ్లలో లైటింగ్ చివర్లో, ఎలక్ట్రీషియన్ సౌకర్యాన్ని బట్టి తేలిపోతుంది. ఫాల్స్ సీలింగ్ నిండా వరసగా గుండ్రటి లైట్లు, అన్నీ 6500 కెల్విన్ తెలుపు, అంటే నీలం ఛాయ కొట్టే చల్లటి తెలుపు. పడకగదిలోనూ అదే, పూజగదిలోనూ అదే. పక్కనే సీలింగ్ అంచున దాచిన పసుపు లైటు. ఈ రెండూ ఒకే గదిలో కలిస్తే మనిషి చర్మం రంగు ఎలా పాడవుతుందో, మ్యారేజ్ హాల్లో వైట్ బ్యాలెన్స్‌తో, అంటే వెలుగు రంగుకు తగ్గట్టు కెమెరాను సరిదిద్దడంతో, కుస్తీ పట్టినవాడికి చెప్పనక్కర్లేదు. నెత్తి మీది లైటు కళ్ల కింద గుంటలు చూపిస్తుందనీ, ఎర్ర గోడ పక్కన కూర్చున్నవాళ్ల బుగ్గ మీద ఆ ఎరుపు పడుతుందనీ, ఉత్తరం కిటికీ వెలుగు రోజంతా పెద్దగా మారదనీ అతనికి అనుభవం మీద తెలుసు. ప్లాన్ గీసే చాలామందికి ఈ చూపు లేదు. ఫొటోగ్రాఫర్లు ఈ రంగంలోకి రావాలని నేను గట్టిగా కోరుకునేది ఇందుకే.

అయితే అతను వెంట తెచ్చుకునే ప్రభావాల్లో ప్రమాదం కూడా ఉంది. ఫోన్‌లో దాచుకున్న వందల బొమ్మల్లో చాలావరకు చలిదేశాల ఇళ్లు: తెల్ల గోడలు, లేత చెక్క, తలుపుల్లేని అరలు. మన దుమ్ముకు తలుపుల్లేని అర వారంలో బూజు పడుతుంది. తాళింపు వేసే వంటింట్లో తెల్ల గోడ ఎన్నాళ్లుంటుంది? ఫొటోకు వాసన లేదు, చప్పుడు లేదు, జిడ్డు లేదు. బట్టలు ఆరేసే తీగ, చెప్పుల గుట్ట, గ్యాస్ సిలిండర్ ఫ్రేములోంచి తప్పిస్తే చాలు. ఇంట్లోంచి తప్పించలేం. మండువా లోగిలి గుర్తు చేసుకోండి. నడిమధ్య ఆకాశం, వాన పడితే నీళ్లు పోయే దారి, చుట్టూ వసారాలో పడక. పడే ఎండనూ కురిసే వాననూ మనుషుల తిరుగుడునూ కలిపి ఆలోచించిన ఇల్లు అది. పాతికేళ్ల ఫొటోగ్రాఫర్ ఒక్క రోజు తెల్లారినప్పటి నుంచి చీకటి పడేదాకా ఆ మండువాలో కూర్చుని వెలుగు ఎటు జరుగుతుందో చూస్తే, దాచుకున్న బొమ్మలన్నిటికన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఈ దారిలో ముందే నడిచినవాడు అమెరికన్ డిజైనర్ చార్లెస్ ఈమ్స్. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఆయన వదిలిన ఫొటో పరికరాలతో ఆ పిల్లాడు తనంతట తానే ఫొటోలు తీయడం నేర్చుకున్నాడు. తర్వాత ఆర్కిటెక్చర్, కుర్చీలు, ఇళ్లు. భార్య రే చిత్రకారిణి. ఇద్దరూ కలిసి లాస్ ఏంజెలిస్‌లో 1949లో సొంత ఇల్లు కట్టుకున్నారు. మామూలుగా ఇల్లు పూర్తయిన రోజే ఫొటోలకు ఫోజిస్తుంది. వీళ్లు 1955లో ఆ ఇంటి గురించి ఒక చిన్న సినిమా చేశారు. మొత్తం స్థిరచిత్రాలతోనే. దాని పేరులోనే ఉంది: ఐదేళ్లు నివసించాక ఇల్లు. ఎన్నాళ్లుగానో పోగైన వస్తువులు, టేబుల్ మీద పూలు, అద్దాల మీద చెట్ల నీడలు. 1958లో మన దేశం వచ్చి డిజైన్ గురించి ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో చార్లెస్, రే ప్రత్యేకంగా మెచ్చుకున్నది మన చెంబును. ఎంత నీరు పడుతుంది, చంకన పెట్టుకుంటే ఎలా ఉంటుంది, ఒంపితే ధార ఎలా వస్తుంది అని అడిగారు. కంటికి అందంగా ఉందా అన్న ఒక్క ప్రశ్నతో ఆగలేదు. అహ్మదాబాద్‌లో 1961లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)కి ఆ నివేదికే పునాది.

దారి మన దగ్గరా ఉంది. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ డిగ్రీ, ఇంటీరియర్ డిజైన్ డిగ్రీ రెండూ ఉన్నాయి. పనిచేస్తూ నేర్చుకుంటానన్నా చట్టం అడ్డురాదు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కాపాడేది ‘ఆర్కిటెక్ట్’ అన్న పేరును. ఇంటీరియర్ డిజైనర్‌కు అలాంటి లైసెన్సు లేదు. అంతమాత్రాన తేలిక పనని కాదు. కొత్త టవర్లలో చాలా గోడలు మైవాన్ పద్ధతిలో, అంటే ఇటుక లేకుండా అల్యూమినియం అచ్చుల్లో, పోసిన కాంక్రీటు. అందం కోసం అక్కడ గాడి కొడితే భవనం బలానికే ముప్పు. సింక్ కింద నీటికి తట్టుకునే ఐఎస్ 710 రకం ప్లైవుడ్ వేయకుండా మామూలుది వేస్తే రెండు వానాకాలాల్లో ఉబ్బుతుంది. ఇవన్నీ కార్పెంటర్ పక్కన టేపు పట్టుకుని నిలబడితే తెలిసేవి. కనీసం ఏడాది.

అంతకన్నా ముందు చేయగలిగింది ఒకటుంది. తాను మొదట ఫొటోలు తీసిన ఫ్లాట్‌కు ఆ కుర్రాడు మళ్లీ వెళ్లాలి, ఈసారి కెమెరా బ్యాగు కారులోనే వదిలి. ఆ ఇంటావిడను అడగాలి: ‘‘ఆంటీ, ఏ అర వాడట్లేదు? ఏ స్విచ్ చేతికి అందట్లేదు? సాయంత్రం కూరగాయలు ఎక్కడ కూర్చుని తరుగుతారు?’’