కైజెన్ పెట్టె గారికి పదో చీటీ

ఒంగోలు,
రోహిణి కార్తె, శనివారం రాత్రి.

మహారాజశ్రీ కైజెన్ సూచనల పెట్టె గారి సముఖమునకు,

పాలిషింగ్ లైను షిఫ్టు సూపర్‌వైజరు నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయ కుశలోపరి. కైజెన్ అంటే జపాను భాషలో మెరుగుదల అట; ఆ మెరుగుదల కోసం ఇదివరలో తమకు తొమ్మిది చీటీలు సమర్పించుకున్నాను. పదవదైన ఈ చీటీ కాస్త పొడుగైనది. తమ నోరు అయిదంగుళాలకు మించి తెరుచుకోదు కనుక, దీన్ని నలుగురికీ కనిపించేలా బయటే రాస్తున్నాను. ఫ్యాక్టరీ పేరు మాత్రం రాయను. మా పిల్ల ఇంజనీరింగుకు ఇంకా రెండేళ్ల ఫీజు కట్టవలసి ఉంది.

ఈరోజు మధ్యాహ్నం జరిగిన సభలో "ఈ నెల ఉత్తమ కైజెన్" బహుమానం నాకే దక్కిన సంగతి తమకు తెలుసు, ఎందుకంటే తమరిని కూడా పూలదండ వేసి వేదిక మీద కూర్చోబెట్టారు. నాకు శాలువా కప్పి, మైసూర్‌పాకు పొట్లం చేతికిచ్చి, తెర మీద రెండు ఫొటోలు వేశారు. "ముందు" అన్న ఫొటోలో ఒక పైపు కారుతోంది, దాని కింద ఒక పాత ఎర్ర బకెట్టు ఉంది. "తరువాత" అన్న ఫొటోలో అదే పైపు అంతే ధారగా కారుతోంది, దాని కింద కొత్త నీలం బకెట్టు ఉంది, ఆ బకెట్టు చుట్టూ నేల మీద పసుపురంగు వలయం గీసి ఉంది, బకెట్టుకు "నీటి సేకరణ పాత్ర - 1" అన్న కాగితం అతికించి ఉంది, ఆ కాగితంలో "బాధ్యుడు" అన్నచోట నా పేరు ఉంది. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చేతిలో పొట్లం ఉండటం వల్ల గట్టిగా కొట్టలేకపోయాను.

చీమకుర్తి నల్లరాయిని పదిహేడేళ్లుగా అద్దంలా మెరిపించి ఓడలెక్కిస్తున్న నాకు ఇన్నాళ్లూ ఏ శాలువా కప్పని యాజమాన్యం, పైపు కారుతున్నందుకు కప్పింది.

ఆ పైపు చరిత్ర తమకు మనవి చేయడం మేనమామ ఊరి సంగతులు అమ్మకు చెప్పినట్టే అవుతుంది, అయినా చెబుతాను. పాలిషింగ్ మిషన్‌కు నీళ్లు తెచ్చే పైపు ఫ్లాంజి దగ్గర, అంటే రెండు పైపులను కలిపి బిగించే అంచు దగ్గర, నీళ్లు కారకుండా మధ్యలో పెట్టే గ్యాస్కెట్టు పోయిందనీ, కొత్తది వేయడానికి 120 రూపాయల ఖర్చూ, రెండు గంటలు లైను ఆపే అనుమతీ చాలుననీ కిందటేడు ఉగాది వారంలో మొదటి చీటీ వేశాను. రెండోది అదే విషయం తేదీ మార్చి రాశాను. మూడోదానికి బొమ్మ గీసి జతపరిచాను. నాలుగోది కోపంలో రాశాను, అయిదోది ఆ కోపానికి క్షమాపణ. ఆరోదాంట్లో లెక్క కట్టి చూపించాను: 20 లీటర్ల బకెట్టు 25 నిమిషాలకు నిండుతుంది, రెండు షిఫ్టుల 16 గంటల్లో 38 బకెట్లు, అంటే రోజుకు 760 లీటర్లు, వారానికి ఆరు రోజుల పనికి 4,560 లీటర్లు. కుళాయి నీళ్లు రోజూ రాని ఊళ్లో, వేసవి మూణ్ణెల్లూ డబ్బు పోసి ట్యాంకర్లు తెప్పించుకునే ఫ్యాక్టరీలో, వారానికి ఇంచుమించు ఒక ట్యాంకరు నీళ్లు ఆ ఒక్క జాయింటు దగ్గరే దిగిపోతున్నాయి. తెలుగులో రాయడమే నా తప్పేమోనని ఏడోది మా పిల్లచేత ఇంగ్లీషులో రాయించాను. ఎనిమిదోదానికి, ఒంగోల్లో నా డబ్బుతో కొన్న గ్యాస్కెట్టునే దారంతో కట్టి తమ నోట్లో దూర్చాను; తమ పెదవి తగిలి దాని అంచు కాస్త వంగింది, మన్నించాలి. తొమ్మిదోదాని మీద ఏమీ రాయలేదు. ఆ ధార కింద తడిపి, ఆరబెట్టి వేశాను.

మధ్యలో తక్కిన ముచ్చట్లు కూడా జరిగాయి. వృథా తగ్గించే ఫ్యాక్టరీ పద్ధతి పేరు లీన్, లీన్ అంటే బక్కపలచన అని అర్థం చెప్పి చెన్నై నుంచి వచ్చిన సలహాదారు రెండు రోజులు శిక్షణ ఇచ్చి వెళ్లాక, అన్నిటికన్నా ముందు పలచబడింది క్యాంటీన్ సాంబారు. వృథాను జపాను భాషలో ముడా అంటారని ఆయన చెప్పినప్పుడు, నెల్లూరుకు నుడా, ఒంగోలుకు ఒడా ఉన్నట్టే ఇదీ ప్లాట్లకు అనుమతులిచ్చే మరో సంస్థ కాబోలునని వెనక వరసలో ఇద్దరు నోట్సు రాసుకున్నారు. పని జరిగే చోటికే వెళ్లి కళ్లారా చూడటానికి వారానికోసారి అధికారులు చేసే గెంబా నడక, నేల తడిగా ఉందని మా లైను గుమ్మం దగ్గరే వెనక్కి తిరుగుతుంది.

ఆ తడి నేల మీదే నెల కిందట మా హెల్పరు కుర్రవాడు జారి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వాడు ఒడిశా నుంచి వచ్చినవాడు. పక్కనే స్టాండుకు ఆనించిన పలకలు ఒక్కొక్కటి దాదాపు 300 కిలోలు. వాడు అటు పడకుండా ఇటు పడ్డాడు కనుక మోచేతితో పోయింది. మూడో రోజు అక్కడ "జారుడు నేల, జాగ్రత్త" అన్న బోర్డు వెలిసింది, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. కుర్రవాడికి ఒరియా తప్ప మరో అక్షరం రాదు.

ఇక బహుమానం తెచ్చిపెట్టిన ఘనకార్యం సంగతి. ప్రమాదం తరువాత ఆఫీసువాళ్లు కూర్చుని అయిదు ప్రశ్నల ఫారం నింపారు. నేల ఎందుకు తడిసింది? బకెట్టు పొర్లింది కనుక. ఎందుకు పొర్లింది? వేళకు పారబోయలేదు కనుక. ఎందుకు పారబోయలేదు? హెల్పరు డ్రమ్ము దగ్గరికి వెళ్లి రావడం ఆలస్యమైంది కనుక. ఎందుకు ఆలస్యమైంది? డ్రమ్ము 84 అడుగుల నడక దూరంలో ఉంది కనుక. ఎందుకు అంత దూరంలో ఉంది? ఎవరూ దగ్గరికి జరపలేదు కనుక. మూలకారణం దొరికింది. డ్రమ్మును జరిపారు, నడక 61 అడుగులకు తగ్గింది. పోనూ రానూ 46 అడుగులు, 38 బకెట్లకు రోజుకు 1,748 అడుగుల నడక ఆదా అయిందని తెర మీద చూపించినప్పుడు నాకు గుండె ఝల్లుమంది, ఎందుకంటే ఆ 38 అనే అంకె నా ఆరో చీటీ లెక్కతో సరిగ్గా సరిపోయింది. చదివారేమో అనుకున్నాను. చదవలేదు; ఒక ట్రైనీ పిల్లవాడు బకెట్టు పక్కన కుర్చీ వేసుకుని రోజంతా లెక్కపెట్టాడట. ఒక రోజంతా ఆ ధార వంక చూసినవాడికి కూడా కారడం ఎందుకని అడగాలనిపించలేదు.

అయిదుసార్లు ఎందుకు అని అడిగే ఆ పద్ధతిని టయోటాలో పాదుకొల్పిన తైచీ ఓనో గారు చెప్పే ఉదాహరణ మా శిక్షణ పుస్తకంలోనే ఉంది. మిషన్ ఆగిపోయింది, ఎందుకంటే భారం ఎక్కువై ఫ్యూజు పోయింది. భారం ఎందుకు పెరిగిందంటే బేరింగుకు నూనె చాల్లేదు. నూనె ఎందుకు చాల్లేదంటే పంపు సరిగా తోడటం లేదు. పంపు ఎందుకు తోడటం లేదంటే దాని షాఫ్టు అరిగింది. షాఫ్టు ఎందుకు అరిగిందంటే వడకట్టే జల్లెడ లేక ఇనుపరజను లోపలికి పోయింది. ఫ్యూజు దగ్గర బయలుదేరిన మనిషి జల్లెడ దాకా వెళ్లాడు. మావాళ్లు పైపు దగ్గర బయలుదేరి డ్రమ్ము దాకా వెళ్లారు. ఇద్దరూ నడిచింది అయిదు అంగలే.

పెట్టె గారూ, తమ వంశం కూడా సామాన్యమైనది కాదు. 1950లో ఆ టయోటా ఇంటివాడైన ఈజి టొయోడా అమెరికా వెళ్లి ఫోర్డు కర్మాగారం చూసి, అక్కడ పనివాళ్ల నుంచి సూచనలు తీసుకునే ఏర్పాటు గమనించి వచ్చాక, 1951లో టయోటాలో ఆ పద్ధతి మొదలైంది. తమ ప్రవర అక్కడిది. ఇంకా వెనక్కి వెళితే ఆ ఇంటి మూలపురుషుడు సకిచీ టొయోడా 1924 నాటి మగ్గం ఉంది; పడుగులో ఒక్క పోగు తెగితే చాలు, ఆ మగ్గం దానంతట అది ఆగిపోయేది. చీరాల వైపు ఏ నేతగాణ్ని అడిగినా అందులో వింత ఏముందంటాడు; పోగు తెగాక కూడా నేస్తూ పోతే పాడయ్యేది గుడ్డ. ఆ మగ్గం బుద్ధినే కార్ల ఫ్యాక్టరీలోకి తెచ్చి, తప్పు కనిపించిన పనివాడెవడైనా తాడు లాగి లైను ఆపవచ్చునన్నారు. తమలో చీటీలు వేయడం ఆ హక్కుకు తోడుగా వచ్చినదే తప్ప దానికి బదులుగా వచ్చినది కాదు. మాకు పెట్టె వచ్చింది, తాడు రాలేదు.

ఇక్కడి నుంచి తమరు అని రాయడం నా వల్ల కాదు. విను. పధ్నాలుగు నెలలుగా నేను అడిగింది రెండు గంటలు. మెయింటెనెన్సు మనిషి సిద్ధం, స్పానర్లు సిద్ధం, సామాను నా జేబు డబ్బుతో కొన్నాను. "లైను ఎట్టా ఆపుతామయ్యా, కంటెయినరు కట్టాల గదా" అని ప్రతిసారీ ఒకే మాట. పండగ రోజు వచ్చి వేస్తానంటే కరెంటు ఇవ్వడానికి సంతకం లేదు, భోజనాల వేళ వేస్తానంటే అరగంట చాలదు. ఈరోజు నీ పూలదండ కోసం, నా శాలువా కోసం, పాలిషింగ్ లైనును రెండు గంటల నుంచి అయిదు గంటల దాకా ఆపారు. మూడు గంటలు! నీళ్ల పంపు కూడా ఆపారు, చప్పుడుకు మైకు వినపడదని. పైపు ఎండిపోయి నిలబడింది. ఆ మూడు గంటలూ మెయింటెనెన్సు మనిషి మూడో వరసలో కూర్చుని నా కోసం చప్పట్లు కొడుతున్నాడు, ఎందుకంటే హాజరు వేస్తున్నారు. నేను వేదిక మీద నుంచి అతని వంక చూశాను, అతను పైపు వంక చూశాడు. సిగ్గులేదా నీకు?

లేదు, తప్పు నీది కాదు. రేకు పెట్టెవి. కొత్తగా వచ్చినప్పుడు నువ్వు మంచిదానివే. రెండేళ్ల కిందట నీ మొదటి నెలలో, మా లైను తుడిచే ఆవిడ తన పేరు రాయడం కూడా రాక ఎవరిచేతనో రాయించి ఒక చీటీ వేసింది. పాలిషింగ్ బ్రిక్కులు, అంటే రాయిని రుద్ది మెరిపించే దిమ్మలు, అన్నీ ఒకేచోట కుప్పగా పడి ఉంటున్నాయి, గరుకు ఎక్కువున్నదానికి ఎరుపు, నునుపుదానికి తెలుపు అని అరలకు రంగు వేస్తే చీకట్లో కూడా పొరపాటు పడరు అని. నునుపు బ్రిక్కులుండే చివరి హెడ్డులో, అంటే పలకను రుద్దుతూ తిరిగే చక్రంలో, ఒక్క గరుకు బ్రిక్కు పొరపాటున కలిసినా పలక ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీత పడుతుంది; మన నల్లరాతి మీద వెంట్రుకంత గీత కూడా దాగదు. అధికారి ఆ చీటీ చదివాడు, మర్నాడే రంగు తెప్పించాడు, ఆ తరువాత అలాంటి గీత నేను చూడలేదు. ఆవిడకు స్టీలు క్యారియరు ఇచ్చారు, ఇప్పటికీ అందులోనే అన్నం తెచ్చుకుంటుంది. ఆ నెలలో నీ తాళం వారానికోసారి తీసేవారు. తరువాత తాళంచెవి ఉన్న ఆ అధికారి కిందటేడు సంక్రాంతికి ఉద్యోగం మానేసి వెళ్లాడు.

అందుకే ఈరోజు సభ చివర తమ తాళాన్ని గ్రైండరుతో కోయవలసి వచ్చింది. (మళ్లీ తమరు అంటున్నాను, కోపం తగ్గి కాదు, అలసిపోయి.) తమ కడుపులోంచి ఒక పెళ్లి శుభలేఖ, నాలుగు గుట్కా కాగితాలు, పదమూడు చీటీలు బయటపడ్డాయి. శుభలేఖను కూడా కలుపుకుని "సూచనలు 14" అని బోర్డు మీద రాసి, పక్కన నవ్వు ముఖం గీశారు. చదవడానికి వేళ చాలలేదు, టీ చల్లారిపోతోంది. ఆ కాగితాల్లోంచి దారం తెగిన నా గ్యాస్కెట్టు దొర్లి శుభ్రత విభాగపు అధికారి బూటు దగ్గర ఆగింది. ఆయన వంగి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏంది, దీనికి చోటు ఏదీ?" అని అడిగారు. నేను చెయ్యెత్తేలోగానే, చోటు తెలియని వస్తువులకు కట్టే ఎర్ర చీటీ దానికి కట్టించి, గేటు పక్కన ఉన్న జాలీ గదిలో వేయించారు.

ఓనో గారు తన ఇంజనీర్లను లైను మధ్య సుద్దతో గీసిన వలయంలో నిలబెట్టి, ఏం జరుగుతోందో అర్థమయ్యేదాకా గంటల తరబడి చూడమనేవారట. మా దగ్గరా వలయం ఉంది, పసుపురంగుది, గుండ్రంగా చక్కగా గీశారు. ప్రస్తుతం అందులో బకెట్టు నిలబడి ఉంది.

ఎర్ర చీటీ కట్టిన వస్తువును ఏడు రోజుల్లోగా ఎవరూ అడగకపోతే తుక్కులో అమ్ముతారు. అందువల్ల సదరు గ్యాస్కెట్టు నాదేనని, దాని చోటు పాలిషింగ్ మిషన్ పైపు ఫ్లాంజి అని తెలియజేస్తూ, దాన్ని నాకు తిరిగి ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. దానికో ఫారం ఉందనీ, అది నింపి తమలోనే వేయాలనీ సెక్యూరిటీ వారు చెప్పారు. సాయంత్రమే నింపి వేశాను. తమకు కొత్త తాళం కూడా వేశారు.

ఇట్లు,
తమ విధేయుడు,
నీటి సేకరణ పాత్ర - 1 బాధ్యుడు.