వేలి కొన మీది కాయగారికి

మహారాజశ్రీ కాయగారికి
(పూర్వపు చిరునామా: ఎడమ చేతి చూపుడు వేలి కొన),

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. మీరు ఎక్కడున్నారో తెలియదు. ఎదురుచూసి ఎదురుచూసి కళ్లు కాయలు కాశాయంటారు అందరూ. నాకు కాయవలసింది కళ్లు కాదు, వీణ తీగలు నొక్కే వేళ్లు.

మీరు వెళ్లిపోయిన సంగతి నాకు చెప్పింది వీణ కాదు, సిమ్ కార్డుల దుకాణంలోని వేలిముద్ర యంత్రం. మీరున్న రోజుల్లో, వీణ మొదటి తీగ సారణి గీసిన నల్లటి చారతో ఆ వేలి ముద్ర ఎక్కడా పడేది కాదు. దుకాణం అబ్బాయి తుడిచి పెట్టమనేవాడు. తుడిచి పెట్టేదాన్ని. చివరికి "ఇంకో వేలు చూద్దామండీ" అనేవాడు. "వీణ వాయిస్తాను లెండి" అని నేను ఎంతో నిరాడంబరంగా, వెనకాల నిలబడ్డవాళ్లకు కూడా వినపడేలా చెప్పేదాన్ని. మొన్న అదే వేలు పెట్టాను. పెట్టీ పెట్టకముందే పచ్చ లైటు వెలిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

సరస్వతీ పూజ నాడు పుస్తకాలు, వాయిద్యాలు ముట్టుకోకూడదంటారు కదా. ఆ నియమాన్ని నేను రెండేళ్లపాటు నిష్ఠగా పాటించాను.

ఈ విజయదశమికి వీణ ముసుగు తీస్తే తీగల కింద 24 మెట్లూ ఉన్నాయి, ఏడు తీగల్లో ఆరున్నాయి. రెండు వేసవుల వేడికి మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తబడి, తారస్థాయి మెట్లు రెండు పక్కకు ఒరిగాయి. వీణలు బాగుచేసే ఆయన వచ్చి, మైనం కరిగించి, మెట్లను సరిగ్గా కూర్చోబెట్టి, కొత్త తీగ వేసి వెళ్లారు. వేళ్లకు కూడా ఏమైనా చేయగలరా అని అడగబోయి ఊరుకున్నాను.

బుద్ధిమంతులు సరళి స్వరాలతో మొదలుపెడతారు. నేను తిన్నగా భైరవి రాగంలో అటతాళ వర్ణమనే పెద్ద పాఠమే ఎత్తుకున్నాను. ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి పై స్వరం పలికించే గమకం వీణకు ప్రాణం. ఉక్కు తీగ కింద లేత వేలుంటే, పోయేది ఎవరి ప్రాణమో గాంధారం దగ్గరే తేలిపోయింది. కొబ్బరినూనె రాసుకున్నాను. దానివల్ల వేలు జారింది గానీ మంట జారలేదు. నలభై నిమిషాలకు మీకు బదులు బొబ్బ వచ్చింది. దాన్ని ఇంటిల్లిపాదికీ చూపించి, ఆ గౌరవంతో అయిదు రోజులు సెలవు తీసుకున్నాను.

మా టీచరుగారికి ఫోను చేస్తే ఓదారుస్తారనుకున్నాను. "మాయామాళవగౌళ రాగం, మొదటి సరళి, నెమ్మదిగా ఒకటో కాలం, పావుగంట. గమకాలు వద్దు. నొప్పి పుట్టకముందే వీణ దించెయ్యి" అన్నారు. పదేళ్లు నేర్చుకున్నదాన్ని, పక్కింటి రెండో తరగతి పాపతో సమానంగా సరిగమపదనిస! తీరా కూర్చున్నాక తెలిసింది, ఆ పాప నయమని. శ్రుతి కోసం ఫోను ఒళ్లో పెట్టుకుంటే షడ్జమం కంటే ముందు పెళ్లి ఫొటోలు వస్తాయి. చాలాసేపు వాయించానని గడియారం చూస్తే రెండున్నర నిమిషాలు. ఇప్పుడు ఫోను వంటింట్లో బియ్యం డబ్బా మీద ఉంటోంది, పాత శ్రుతిపెట్టె అటక దిగింది.

అసలు మీతో వచ్చిన చిక్కేమిటంటే, మిమ్మల్ని కొనలేం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి వీణ చేస్తారు. డబ్బు కడితే అది ఇంటికొస్తుంది. మీరు రారు. ఆదివారం మూడు గంటలు కూర్చుని వారం బాకీ మొత్తం తీర్చేస్తానన్నా వినరు, బొబ్బను పంపిస్తారు. రోజుకు పావుగంటంటే పావుగంటే. హాజరుపట్టీ దగ్గర కూర్చునే పాతకాలపు గుమాస్తాకైనా కాఫీ ఇప్పించి మంచి చేసుకోవచ్చు, మీకు ఏం ఇప్పించాలి?

నేటికి పదకొండు రోజులైంది, మధ్యలో రెండు పోయాయి. నిన్న సాయంత్రం వేలి కొన గట్టిగా తగిలేసరికి మీరే వచ్చారనుకుని సంబరపడ్డాను. గోటితో గీరితే పొరగా ఊడి వచ్చింది. మావాడి స్కూలు చార్టుకు అంటించిన జిగురు.

ఇట్లు,
మీ పాత ఇంటి యజమానురాలు