డార్విన్ తప్పా? పత్తి కాయ పగులగొట్టి చూడుండ్రి

ఈ వారంల నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. మొదలు పదో తరగతి దోస్తుల గ్రూపుల, తర్వాత మా బావమరిది, ఆ తర్వాత ఎరువుల దుకాణం గ్రూపుల. నిన్న పొద్దుగాల మా మేనల్లుడు పంపిండు. వాడు చదివింది అగ్రికల్చర్ డిప్లొమా. "డార్విన్ సిద్ధాంతం అబద్ధం! ఐదు రుజువులు! పది మందికి పంపండి!" నేను పంపలే. ఆ ఐదింటికీ ఒక్కొక్కటిగ జవాబు రాస్తున్న.

"మనిషి కోతి నుంచి పుడితే కోతులు ఇంకా ఎందుకున్నాయి?" పల్లిచేన్ల కోతుల మందను ఉరికించేటోళ్లను ఈ ప్రశ్న అడగకుండ్రి, తంతరు. కోతి మనకు తాత కాదు, దాయాది. మీ చిన్నతాత మనుమలు బతికే ఉన్నరని మీరు పుట్టలేదంటమా? అయితే ఇండ్ల నా తప్పు కూడ ఉంది. ట్యూషన్ చెప్పిన రోజుల్ల, వంగిన కోతి మెల్లగ లేసి మనిషైతున్న వరుస పటం గోడకు తగిలించింది నేనే. ఆ పటం చూసినోనికి ఈ అనుమానం రాకుంటేనే వింత.

"చావు మంచం మీద డార్విన్ పశ్చాత్తాపపడ్డాడు." ఆయన పోయింది 1882ల. ఈ కథ అమెరికాల ఒక మత పత్రికల అచ్చయింది 1915ల. చెప్పింది లేడీ హోప్ అనే ఆమె. మంచం పక్కన ఉన్న బిడ్డ హెన్రియెట్టా, లేడీ హోప్ అసలు అక్కడ లేనే లేదని 1922ల రాసింది. సరే, నిజంగనే ఏడ్సిండనుకుందం. న్యూటన్ ఏడిస్తే చింతకాయ కిందపడుడు బందైతదా?

"టెన్త్ పుస్తకం నుంచి తీసేశారంటే తప్పనేగా." ఎన్‌సీఈఆర్‌టీ ఆ పాఠం తీసింది నిజమే. పిల్లల మీద బరువు తగ్గిస్తున్నమని చెప్పిన్రు, తప్పని చెప్పలే. పన్నెండో తరగతిల అట్లనే ఉంది. పదో తరగతిల ఆవర్తన పట్టిక కూడ తీసిన్రు మరి, ఇనుము, రాగి కూడ అబద్ధాలేనా?

"దశావతారాల్లో ఎప్పుడో చెప్పారు." సిద్ధాంతం అబద్ధమట, దాన్ని ముందుగాల కనిపెట్టింది మనమేనట. రెండిట్ల ఒకటి తేల్సుకోండ్రి.

ఇగ ఐదోది. నాకు కోపం తెచ్చింది ఇదే. "పరిణామాన్ని ఎవరైనా కళ్లారా చూశారా?" అని. నల్గొండ జిల్లాల పత్తి పెట్టినోడు ఈ మాట ఫార్వర్డ్ చేస్తడా? పత్తి కాయల దూరి తినే గులాబీ పురుగును ఏమనుకుంటున్నరు?

బీటీ పత్తికి, అంటే కాయ తిన్న పురుగు సచ్చేటట్టు ఒక జన్యువు కలిపిన పత్తికి, మన దేశంల అనుమతి వచ్చింది 2002ల. రెండో జన్యువు కలిపిన విత్తనం 2006ల వచ్చింది. 2009 పంటల గుజరాత్‌ల మొదటి రకం కాయలు తిని కూడ పురుగు బతికింది. తర్వాత రెండు జన్యువుల విత్తనాన్ని కూడ తట్టుకున్నది. కాయ పగులగొడితే లోపల గింజ తింటున్నది ఎవరో మీరే చూసిన్రు కదా.

మనోళ్లు దీనికి చెప్పే మాట "పురుగు అలవాటు పడ్డది" అని. కాదు. ఏ పురుగూ అలవాటు పడలే. తినంగనే సచ్చేవి సచ్చినయి. ఎక్కడనో ఒకటి రెండు, పుట్టుకతోనే తట్టుకునేవి, మిగిలినయి. పిల్లలు పెట్టింది అవ్వే. ఇంతే డార్విన్ చెప్పింది. అలవాటే అనుకుంటే డోసు పెంచితే సాలనిపిస్తది, ఒక డబ్బా కొట్టే కాడ రెండు కొడుతం. తట్టుకునేటియి ఇంకా నిగ్గుదేలి మిగుల్తయి. దుకాణపాయనకు మాత్రం బేరం మంచిగైతది.

ఒళ్లు అలవాటు పడేదే అయితే నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు నీళ్లు తాగినోళ్ల ఎముకలు ఆ నీళ్లల్లున్న ఫ్లోరైడ్‌కు ఎప్పుడో అలవాటు పడాలె. పడ్డయా? వంగిపోయినయి. అట్ల వంగిన కాళ్ల తండ్రికి పుట్టిన బిడ్డ మంచి నీళ్లు తాగితే సక్కగ నడుస్తది. బతుకుల అయిన మార్పు పుట్టుకల దిగదు.

బీటీ ప్యాకెట్‌తోటి ఒక నాన్ బీటీ పొట్లం ఇచ్చేటోళ్లు, యాదికున్నదా? 450 గ్రాముల విత్తనానికి 120 గ్రాములు. చేను సుట్టు ఐదు సాళ్లు పెట్టమన్నరు. ఆ సాళ్లల్ల మామూలు పురుగులు బతికి, తట్టుకునే వాటితోటి జతకడితే, పుట్టే పిల్లలు బీటీ కాయ తిని సస్తయి. ఆ పొట్లం ఎంతమంది పెట్టిన్రు? నేను పెట్టలే, గట్టు మీద పారేసిన. ఐదు సాళ్ల పంట పురుగు తింటే నష్టం నాది, లాభమేమో ఊరందరిది. ఈ లెక్కల రైతును తిట్టబుద్ధి కాదు.

ఇంకొకటి ఒప్పుకుంట. పోలికలు పిల్లలకు ఎట్ల దిగుతయో డార్విన్‌కు తెల్వదు. ఆయన ఊహించింది తప్పు. బఠాణీ మొక్కలతోటి ఆ సంగతి తేల్చిన మెండెల్ లెక్క 1866లనే అచ్చయినా ఆయన దాక చేరలే. ఆ మెసేజ్ రాసినోనికి పాపం, పట్టుకోవాల్సిన తప్పు ఇదొక్కటే, ఇదే దొరకలే.

ఇదంతా మేనల్లునికి పంపితే అరగంటకు జవాబొచ్చింది. "మామా, మరి ఈసారి ఏం మందు కొట్టాలె?"

మందు సంగతి తర్వాత, మూడో ఏరుడు కోసం మార్చి దాక చేను ఉంచకు, పురుగుకు తిండి దొరకకుండ జనవరికే పత్తి కట్టె పీకెయ్, అన్న.