పదిమందిలో కూర్చోబెడితే గాయం రేగుతుందా?

మా అన్నానగర్ తెలుగువారి వాట్సాప్ బృందంలో వారం రోజులుగా ఒక సందేశం తిరుగుతోంది. యుద్ధం చూసిన పిల్లలను పదిమందిలో కూర్చోబెట్టి మాట్లాడిస్తే గాయం రేగుతుందట. ఒకరి భయం ఇంకొకరికి అంటుకుంటుందట. ఆటపాటలే చాలట. అయినా, యుద్ధం ఆగకుండా చికిత్స ఏమిటట! పంపింది మా బావగారు కాబట్టి మర్యాదగానే జవాబిస్తాను.

మొదటి మాటలో సగం నిజముంది. ఘోరం జరిగిన వెంటనే అందరినీ పోగేసి, ఒకే ఒక్క సెషన్‌లో ‘ఏం చూశావో చెప్పు’ అని తవ్వే పద్ధతి ఉండేది. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటుంది. పదిమందిని కలిపి చేసే సామూహిక చికిత్స అది కాదు బావగారూ. బోస్నియా యుద్ధం తరువాత వాడుకలోకి వచ్చిన ఒక పద్ధతిలో పిల్లలకు ఐదు సెషన్లు, వాళ్లను చూసుకునే పెద్దలకు రెండు. కూర్చోగానే కథ చెప్పమనరు. కళ్లు మూస్తే వచ్చి పడే దృశ్యాన్ని టీవీలో చూస్తున్నట్టు ఊహించుకోమంటారు. రంగులు తీసెయ్, చిన్నది చెయ్, దూరం జరుపు, కట్టెయ్. ఆ దృశ్యం ఏమిటో పక్కవాడికి తెలియనక్కరలేదు. ఇక అంటుకునేది ఎక్కడ? నిజానికి ఎదిగే పిల్లలు అమ్మ బాధపడుతుందని ఇంట్లో నోరు విప్పరు. తనలాగే పక్కవాడికీ నిద్ర పట్టడం లేదని తెలిస్తే, తనకు పిచ్చి పట్టలేదని నమ్ముతారు.

ఆటపాటల సంగతి ఉత్తర ఉగాండాలో, యుద్ధం వల్ల ఇళ్లు వదిలినవాళ్ల శిబిరాల్లో పరీక్షించారు. 14–17 ఏళ్ల 314 మందితో చేసిన ఆ అధ్యయనం 2007లో వచ్చింది. సామూహిక చికిత్సతో ఆడపిల్లల్లో కుంగుబాటు తగ్గింది, ఆటలతో తగ్గలేదు. మగపిల్లల్లో మాత్రం చికిత్స ఫలితమూ స్పష్టంగా లేదు.

యుద్ధం ఆగేదాకా ఆగాలా? గుమ్మిడిపూండి మీదుగా నెల్లూరు వెళ్లేవాళ్లమే కదా, అక్కడి శ్రీలంక శరణార్థుల శిబిరం మనకు తెలియనిది కాదు. శ్రీలంకలో పోరు 1983 నుంచి 2009 దాకా సాగింది. మొదట్లో పదమూడేళ్ల పిల్ల, ఆగేసరికి ముప్పై తొమ్మిదేళ్ల మనిషి.

అలాగని ఏ కార్యక్రమమైనా మంచిదే అనను. ఉత్తర శ్రీలంక బడుల్లో 399 మందితో చేసిన ఒక ప్రయత్నంలో మగపిల్లలకు కొంత మేలు జరిగింది కానీ, చికిత్స అందని ఆడపిల్లలే అందినవారికన్నా బాగా కోలుకున్నారు. హింస నడుస్తున్నచోట భయం రోగం కాదు, కాపలా. దాన్ని పూర్తిగా పోగొడతామనేవారిని నేనూ నమ్మను. ఆడపిల్లల సెషన్లు ఎవరు నడుపుతారు, అయ్యాక వాళ్లు ఏ దారిన ఇల్లు చేరతారు అని ముందుగా అడుగుతాను.