సీరమ్ గడువు సీసా విప్పేదాకానే!

బాత్రూమ్ అద్దం వెనక అరలో, గీజర్‌కు జానెడు దూరంలో ఉంటుంది ముఖానికి రాసుకునే విటమిన్ సి సీరమ్ సీసా. కొన్నరోజు నీళ్లలా ఉన్నది నెలా రెండు నెలలు తిరిగేసరికి పలచటి టీ డికాషన్ రంగుకొస్తుంది. అట్ట తిప్పి చూస్తే ‘యూజ్ బిఫోర్’ తేదీకి ఇంకా ఏడాది పైనే ఉంటుంది. రెండింటిలో దేన్ని నమ్మాలంటే, మేము రంగునే నమ్మమంటాం.

సీరమ్‌లోని ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం పొడిగా ఉన్నంతకాలం బుద్ధిగా ఉంటుంది. నీళ్లలో కరిగిందంటే గాలిలోని ఆక్సిజన్‌కు చిక్కుతుంది. మొదట డీహైడ్రోఆస్కార్బిక్ ఆమ్లంగా మారుతుంది, ఆ దశలో కంటికేమీ తెలియదు. తర్వాత డైకీటోగులోనిక్ ఆమ్లమైతే ఇక మళ్లీ విటమిన్ కాలేదు. ఇంకా విరిగితే వచ్చే వాటిలో ఎరిథ్రులోజ్ అనే చక్కెర ఒకటి. విదేశాల్లో ఎండకెళ్లకుండానే ఒంటికి కమిలిన రంగు తెప్పించే క్రీముల్లో వాడే వాటిలో ఇదీ ఒకటి. తెల్లబడాలని కొన్న సీసాలో నల్లబరిచే సరుకు తయారవడం కన్నా వెటకారం ఏముంటుంది!

వేడి, వెలుతురు, ఇనుము, రాగి జాడలు ఈ పనిని తొందరపెడతాయి. డ్రాపర్ పైకి తీసిన ప్రతిసారీ సీసాలోకి కొత్త గాలి దూరుతుంది. అడుగున నాలుగు చుక్కలు మిగిలేనాటికి పైనంతా గాలే. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో షెల్డన్ పిన్నెల్ బృందం 2005లో ఒక దారి చూపింది. 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ ఉన్న ద్రావణానికి అర శాతం ఫెరూలిక్ ఆమ్లం కలిపితే అది నిలకడగా ఉంటుందని, ఎండ నుంచి చర్మానికిచ్చే రక్షణ రెట్టింపవుతుందని తేల్చింది. దీంతో చెడిపోవడం నెమ్మదిస్తుందే గానీ ఆగదు.

రంగు మారిన సీరమ్ విషమేమీ కాదు, టెన్షన్ పడక్కర్లేదు. పని చేయదు, కొందరికి మండుతుంది, గోళ్లకు పసుపు మరక పడుతుంది. అసలు చిక్కు మొదటినుంచీ నారింజ రంగు కలిపి అమ్మే సరుకుతో. అది చెడినా కొన్నవాళ్లకు తెలిసే దారి లేదు.

మన కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం లేబుల్ మీద గడువు తేదీ ఉండాలి. అయితే ఆ లెక్క మూత విప్పని సీసాది. ఐరోపాలో 30 నెలలకు మించి నిలవుండే సరుకుపై మూత తెరిచిన డబ్బా బొమ్మ, పక్కన ‘6ఎం’ లాంటి గుర్తు వేస్తారు. తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో అది చెబుతుంది. ఇక్కడా కొన్ని కంపెనీలు వేస్తున్నాయి. విటమిన్ సి సీరమ్‌లన్నిటికీ దీన్ని తప్పనిసరి చేయాలి, ఎంత చల్లదనంలో ఉంచాలో కూడా తెలుగులో, చదవగలిగే సైజు అక్షరాల్లో అచ్చేయించాలి. రామగుండంలో మే నెల ఎండకు రేకుల గోడౌన్‌లో వారం మగ్గిన సీసా, కొన్నవాళ్ల ఫ్రిజ్‌లోకి చేరేలోపే సగం పాడయ్యుండొచ్చు. డెలివరీ వ్యాన్‌లో ఎంత వేడి ఉందో ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లను ఇప్పటిదాకా అడిగినవాళ్లు లేరు. ఔషధ నియంత్రణ అధికారులు ఈ వేసవిలోనైనా అడగాలి.